పక్క ఉయ్యాలలో పాప

హజరా బీకి అబద్ధం ఆడటం రాదు. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. పదకొండేళ్ళుగా ఆదోనిలో ఆమె పక్కింట్లో కాపురముంటున్నాను, పడ్డదాన్ని కాబట్టి చెబుతున్నాను. నేను కొత్త చీర కట్టుకుని వాకిట్లోకి వస్తే పిట్టగోడ మీదుగా ఓ చూపు చూసి, "ఈ రంగు నీకు ఒప్పలేదు టీచరమ్మా" అంటుంది. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు దూది మంచిదేనా అని అడిగితే, "సగం పాతదే, ఎండబెట్టి ఏకినా" అని తనే చెప్పి బేరం చేతులారా చెడగొట్టుకుంటుంది. అలాంటి మనిషి ఒక ఆదివారం నుంచి గురువారం దాకా, చెప్పాల్సిన చోట చెప్పకుండా నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఆ ఐదు రోజుల సంగతే ఇది.

ముందు మనిషి ఎవరో తెలియాలి. హొళగుంద దగ్గర పల్లెలో పుట్టింది. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి ఆదోని వచ్చింది. భర్త మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బోరెం వెన్ను మీద పడి మంచం పట్టాడు, కొడుకు నయీమ్ ఆరో ఏట ఉండగా కన్ను మూశాడు. ఈమె జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరింది, మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే పరుపులు, బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు యాభై మూడేళ్ళు, అరిగిపోయిన మోకాలు, ఒక్కగానొక్క కొడుకు. నయీమ్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎమ్మిగనూరులో ఒక కుట్టు సెంటర్‌కు మిషన్ల రిపేరుకు పోయి, అక్కడ పనిచేసే నాజ్నీన్ అనే పిల్లను చూసి మనసు పారేసుకున్నాడు. రెండేళ్ళు తల్లి వెంటపడి ఒప్పించాడు. పిల్లకు తల్లి లేదు, తండ్రి బడే సాబ్ మగ్గం నేస్తాడు. అంతకు మించి మాకెవరికీ తెలియదు, ఎవరూ తవ్వి అడగలేదు.

శుక్రవారం నికా. ఆదివారం నాడు చివరి మాటలు మాట్లాడుకుందామని ఎమ్మిగనూరు పోయాం. ఆమె మోకాలికి తోడు నా చెయ్యి కావాలి గనక నన్నూ తీసుకుపోయింది. బడే సాబ్ పెద్దమనిషి. టీ ఇచ్చి, ఎదురుగా చాప మీద కూర్చుని, కూతురు అత్తారింటికి పోతుందన్న బెంగలో పాత సంగతులు ఎత్తాడు.

"మీ ఆదోని ఉప్పు నేనూ తిన్నోన్నే అక్కా. ఆ ఏడు ఈడ మగ్గాలన్నీ నిలబడిపోయినాయి. నేను, నా భార్య ఖాసింబీ ఆదోని జిన్నింగ్ మిల్లులో చేరినాం. నేను బేళ్ళు కట్టే తావు, ఆమె ఆడోళ్ళ షెడ్డు. ఆమెకు విషజ్వరం తగిలి పాలు ఎండిపాయ. ఈ పిల్ల నెలల బిడ్డ. ఆ షెడ్డులో ఎవురో తల్లి పాలిచ్చి బతికిచ్చింది. ఖాసింబీని కర్నూలు ఆసుపత్రికి తీసకపోతే ఆడనే పాయ. నేను ఆ తల్లి పేరు కూడా అడక్కుండా బిడ్డను ఎత్తుకోని వచ్చేసినా. ఈ పొద్దుకీ ప్రతి నమాజులో ఆమెకు దువా చేస్తా."

హజరా బీ చేతిలో టీ గ్లాసు వంగి చీర మీద ఒలికింది. మోకాలు సలిపిందని అంది. నేను నమ్మాను.

సోమవారం పొద్దున్నే వంటింటి వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది. రాత్రంతా నిద్రపోని ముఖం.

"టీచరమ్మా, ఆ తల్లిని నేనే."

నేను పొంగిపోయాను. "మరి నిన్ననే చెప్పొద్దా? ఆయన నీ కాళ్ళ మీద పడేవాడు కదా!"

నా తెలివికి ఆమె నా వంక జాలిగా చూసింది. "మా దాంట్లో పాలిస్తే తల్లే. నయీమూ ఆ పిల్లా ఒక రొమ్ము తాగినోళ్ళు. అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకు నికా చెల్లదు."

"రక్తసంబంధం లేదు కదా?"

"రక్తంతో పనిలేదమ్మా. ఖురాన్‌లో ఉండాది. ఎవురెవుర్ని చేసుకోగూడదో వరసగా చెప్పినాడు అల్లా. కన్నతల్లి, కూతురు, తోడబుట్టింది, అత్త, పిన్నమ్మ... ఆ వరసలోనే పాలిచ్చిన తల్లి, పాలు పంచుకున్న చెల్లెలు."

పీట లాక్కుని కూర్చున్నాను. నెమ్మదిగా అడిగితే అంతా చెప్పింది. ఆ షెడ్డులో పసిపిల్లల తల్లులు నలుగురైదుగురు ఉండేవారట. దూలానికి పాత చీరలతో ఉయ్యాలలు కట్టి పిల్లల్ని పడుకోబెట్టి పత్తి ఏరేవారు. నయీమ్ ఉయ్యాల పక్క ఉయ్యాలలో ఖాసింబీ బిడ్డ. మున్నీ అని పిలిచేవారు గానీ అసలు పేరు ఎవరికీ తెలియదు.

"పాలిస్తే గుర్తు పెట్టుకోవాల, ఇంట్లో చెప్పాల, నలుగురికీ తెలియాల అని మా పెద్దోళ్ళు ఎప్పుడూ చెప్పేదే. రేపొద్దున పిల్లలు పెద్దయితే ఇట్లాంటిది రాకుండా. ఆ షెడ్డులో ఎవురికమ్మా అంత ఓపిక? ఏ బిడ్డ ఏడిస్తే దాన్ని పక్కనున్నోళ్ళు ఎత్తుకుంటిమి. ఎవురి బిడ్డని చూస్తిమా? నా మొగునికి కూడా చెప్పలా. తప్పు నాదే."

"ఇప్పుడు ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. మాతో పనిచేసిన హనుమక్కకు."

"అయితే నోరు మూసుకో" అన్నాను.

రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ ఆ మాట నేనే అన్నాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పి, నిజమే పలకాలి అని నల్లబల్ల మీద రాసిన దాన్ని. నయీమ్ పదమూడేళ్ళప్పటి నుంచి నా కళ్ళ ముందు పెరిగాడు. వాడి పెళ్ళికి నేను కొన్న షేర్వానీ గుడ్డ దర్జీ దగ్గర ఉంది. పసితనంలో ఎవరో నాలుగు గుక్కలు పాలు పోశారని ఇద్దరు పిల్లల బతుకులు ఆగిపోవడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

ఆమె నా మాట వినలేదు. అదే సాయంత్రం కొడుక్కి చెప్పింది. మధ్యగోడ పలచన, నాకు అన్నీ వినబడతాయి. మొదట వాడు నవ్వాడు. తరవాత ఏదో కింద పడి పగిలింది. నేను పరుగెత్తాను.

"ఖురాన్‌లో పాలిచ్చిన తల్లి అనే కదా ఉండాది?" నయీమ్ తల్లి మీదికి వంగి అడుగుతున్నాడు. "తల్లి అంటే సాకినామె. ఏదో ఒకపూట ఏడుపు ఆపేదానికి నోట్లో పెట్టినామె కాదు. ఎన్నిసార్లు తాగితే తల్లో యాడ రాసినాడు చూపించు. లేదు! అల్లా చెప్పని లెక్క మధ్యలో మనుషులు తెచ్చి పెట్టినారు. నాకు ఖురాన్ చాలు."

ఈ మధ్య వాడు ఫోన్లో ఎవరో ఒకాయన ఉపన్యాసాలు వింటున్నాడని, ఆయన హదీసులు అక్కర్లేదు గ్రంథం ఒక్కటే చాలంటాడని హజరా బీ అంతకుముందే నాతో చెప్పి ఉంది. హదీసులంటే ప్రవక్త అన్న మాటలు, చేసిన పనులు, చూసినవాళ్ళు చెప్పగా తరాల నుంచి వస్తున్నవి. కొడుకు ఆ ధోరణిలో పడటం ఆమెకు నచ్చేది కాదు. ఆ సాయంత్రం మాత్రం పగిలిన గ్లాసు ముక్కలు ఏరుతూ కూర్చుంది.

మంగళవారం పొద్దున వాడే కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి మళ్ళీ తల్లి ముందుకొచ్చాడు. ఈసారి ఫోన్ ముందుకు చాపాడు.

"చూడు. ఒకటి రెండు గుటకలు లెక్కలోకి రావని హదీసు ఉండాది. ఐదుసార్లు కడుపునిండా తాగితేనే అని ఇంకోటి ఉండాది. ఐదు! నువ్వు ఐదుసార్లు ఇచ్చినావా?"

"నిన్న హదీసు వద్దంటివి కదరా" అంది హజరా బీ. "ఈ పొద్దు కావల్సొచ్చిందా?"

వేరే రోజైతే నేను పకపకా నవ్వేదాన్ని. వాడి కళ్ళు చూశాక నవ్వు రాలేదు. ముందు రోజు సాయంత్రం నుంచి తిండి లేదు, నిద్ర లేదు. వాడు తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, నాకు ఏదైనా ఒకటే. ఐదు కంటే తక్కువ అని చెప్పు. నేను నిన్ను ఇంకేం అడగను, జన్మలో అడగను. ఎన్నిసార్లు?"

హజరా బీ కొడుకు తల మీద చెయ్యి వేసింది. "నాకు గుర్తులేదురా" అంది.

పదకొండేళ్ళలో ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది. ఎంత చేతకాని అబద్ధమంటే, చెబుతూ నా వైపు చూసింది, చెప్పాక గోడ వైపు చూసింది. నయీమ్‌కు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. గుర్తు లేకపోతే అనుమానం, అనుమానం మీద ఎవరూ పెళ్ళి ఆపరు. ఆ అనుమానం గట్టిపరుచుకుందామని వాడే మమ్మల్నిద్దరినీ ఆటోలో హనుమక్క దగ్గరికి తీసుకుపోయాడు. చేసిన పొరపాటు అదే.

హనుమక్క మార్కెట్ యార్డు వెనక వీధిలో ఉంటుంది. వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. సంగతి విని చేతులు దులుపుకుంది.

"మర్సిపోయేదానికి అది ఒకపూట సంగతా హజరా? దసరా మర్సటి దినం ఖాసింబీ షెడ్డులోనే పడిపాయ. నేను మొదుట నా రొమ్మే పెట్టినా, ఆ పిల్ల పట్టలా. నీ తావుకే ఎత్తకొస్తాంటి. పనిలోకి వస్తానే ఒగసారి, అన్నాల బెల్లుకు ఒగసారి, పొద్దు గూకేముందు ఒగసారి. దీపావళికి రెండు దినాల ముందర వాళ్ళ నాయన వచ్చి పిల్లను ఎత్తకపాయ. కావాలంటే లెక్క కట్టుకోండి."

నేను లెక్కల టీచర్ని, ఎవరూ అడక్కుండానే కట్టేశాను. ఏకాదశి నుంచి పదిహేడు రోజులు. రోజుకు మూడు. యాభై ఒకటి. నోటితో అనలేదు కానీ నయీమ్ నా ముఖం చూసి తల దించుకున్నాడు. ఒక్కసారైనా చాలన్నవాళ్ళకూ ఐదుసార్లు కావాలన్నవాళ్ళకూ ఆ లెక్క సరిపోతుంది.

హనుమక్క మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమిప్పుడు? పెండ్లి ఆగిపోతాదా? దానికా ఈ ఏడుపు ముఖాలు? పాలు నేనే ఇచ్చినానని సెప్తా పోండి. నా పాలు తాగింటే నా కొడుకు ప్రకాష్‌కు సెల్లెలైతాది. ఐతే కానీ! వానికి ఎట్లా పెండ్లయిపాయ."

నయీమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. హజరా బీ వద్దనలేదు. అవుననీ అనలేదు. దారి పొడుగునా ఆటో కమ్మీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. అయిపోయింది, గండం గడిచింది అనుకుని నేను ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

బుధవారం సాయంకాలం నమాజు అయ్యాక మళ్ళీ వచ్చి పిలిచింది. వాళ్ళ వీధి మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గరికి పోవాలట. ఆయన అరవై దాటిన మనిషి, పిల్లలకు అరబీ చెబుతాడు, ఎవరినీ గట్టిగా కసిరిన పాపాన పోడు. మసీదు పక్కనే ఆయన ఇల్లు. గడప లోపల చాప మీద ఆమె, బయట అరుగు మీద నేను. తనకు తెలిసిన ఒకామె సంగతి అని మొదలుపెట్టి, పేర్లు చెప్పకుండా అంతా చెప్పింది. ఆమెకు అబద్ధం రాదని హజ్రత్‌కూ తెలిసే ఉంటుంది. ఎవరామె అని అడగలేదు.

"ఖురాన్‌లో ఎన్నిసార్లో లేదంట కదా?" అని అడిగింది.

"లేదమ్మా. నమాజు చెయ్యండి అని ఖురాన్‌లో ఎన్నో చోట్ల ఉండాది. పొద్దున్నే ఎన్ని రకాతులు వంగి లేయాల, మధ్యాన్నం ఎన్ని అనేది లేదు. ప్రవక్త చేసి చూపించినాడు, చూసినోళ్ళు మనదాకా తెచ్చినారు. పాల సంగతీ అంతే. మనం నడిచే దారి పెద్దోళ్ళు ఒక్కసారి కడుపులోకి పోయినా చాలంటారు. ఐదు అనేవాళ్ళ దగ్గరా హదీసు ఉండాది. వాళ్ళను నేను తప్పు పట్టను."

"ఆ ఆడమనిషికి సాక్ష్యం లేదు. ఉన్న ఒక్కామె మన మతం కాదు."

"అట్లయితే ఎదుటోళ్ళు ఒప్పుకోకుంటే పెండ్లి ఆపమని నేను రాసియ్యలేను. ఇద్దరు మగోళ్ళన్నా చెప్పాల, లేకుంటే ఒక మగాయన, ఇద్దరు ఆడోళ్ళన్నా. ఒక్కామె మాటతో కాదు. విని, నిజమే అని నమ్మినోళ్ళు మాత్రం వాళ్ళకు వాళ్ళే వదులుకోవాల."

అరుగు మీద కూర్చున్న నాకు ఊపిరి తిరిగింది. దారి దొరికింది, లేచి పోదాం పద అని లోపలికి తొంగి చూశాను. హజ్రత్ ఇంకా మాట్లాడుతున్నాడు.

"ఇట్లాంటిదే ప్రవక్త కాలంలో ఒకటి జరిగింది. ఉఖ్బా అని ఒకాయన మక్కాలో పెండ్లి చేసుకున్నాడు. పెండ్లయినాక ఒక నల్ల ఆడమనిషి వచ్చింది. బానిస. నేను మీ ఇద్దరికీ పాలిచ్చినా అనింది. ఆయనకు నమ్మకం కుదరలా. నువ్వు ఇచ్చినట్టు నాకు తెలీదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నాడు. ఒంటె ఎక్కి మదీనాకు పోయి ప్రవక్తను అడిగినాడు. అంత మాట వచ్చినాక ఇంకెట్లా అన్నాడు ప్రవక్త. ఆయన ఆ పిల్లను వదిలేసినాడు."

హజరా బీ చాప అంచు పట్టుకుని అడిగింది.

"ఆ బానిస మనిషి చెప్పకుండా ఉండింటే?"

హజ్రత్ గడ్డం నిమురుకున్నాడు. "ఉండింటే ఆమెను ఎవురూ అడిగేవాళ్ళు కాదమ్మా. ఈ హదీసే ఉండేది కాదు."

ఇంటికి వస్తూ నేను వాదించాను. ఆయనే ఆపలేనన్నాడు కదా, నీకు చట్టం కంటే ఎక్కువ తెలుసా అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె ఒక్క మాటే అంది. "చట్టం సంగతి హజ్రత్‌ది. నేను చూసిన దాని సంగతి నాది."

గురువారం పొద్దున ఎనిమిదింటికి బుర్ఖా వేసుకుని బయలుదేరింది. నయీమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాడి చేతులకు అప్పటికే గోరింటాకు పెట్టి ఉంది.

"అమ్మా, ఈ గడప దాటినావంటే నాకు అమ్మ లేదనుకుంటా."

"నువ్వు ఆ మాట అంటావని నాకు తెలుసు" అంది. కళ్ళు తుడుచుకోలేదు కూడా. "జరుగు."

వాడు జరగలేదు. ఆమె వాడి చెయ్యి కింది నుంచి వంగి, ఆ పాడు మోకాలితో, మెట్టు దిగింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. ఇష్టమై కాదు, పడిపోతుందని. బస్సు కదిలేముందు నయీమ్ పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా ఎమ్మిగనూరు దాకా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. దిగేటప్పుడు నా చెవి దగ్గర అన్నాడు, "టీచరమ్మా, మీరన్నా రెండుసార్లే అని చెప్పండి. మీ మాట వింటారు." చెబుతానో లేదో నాకే తెలియదు.

బడే సాబ్ ఇంటి ముందు షామియానా లేస్తోంది. ఆటోలోంచి కుర్చీలు దించుతున్నారు. ఆయన మమ్మల్ని చూసి కంగారుపడి లోపలికి పిలిచాడు. కూర్చోమన్నా హజరా బీ కూర్చోలేదు.

"భాయ్, ఆ షెడ్డులో మున్నీకి పాలిచ్చిన ఆడమనిషిని నేనే."

ఆయనకు మొదట సంతోషమే అందింది. ముసలి ముఖం వెలిగిపోయింది. "నువ్వేనా తల్లీ! ఇరవైనాలుగేండ్లుగా నేను..." అంటూ రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు. "నాజ్నీన్! ఇట్లా రా బేటీ, చూడు ఎవురొచ్చినారో!" అని లోపలికి కేకేశాడు. ఆ కేక నోట్లో ఉండగానే మిగతాది అర్థమైంది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి, ముఖం మాత్రం పాలిపోయింది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"ఆదివారం యాడికి పోయింది ఈ నోరు?" అన్నాడు. "నా ముందర కూకోని టీ తాగితివే!"

"భయపడినా భాయ్."

"ఊరంతా పిలిచినా. రేపు ఎవురికి ముఖం చూపించేది? సాక్షి ఎవురు? చెప్పు, ఎవురు చూసినారు?"

"హనుమక్క అని ఒకామె. మన మతం కాదు."

"అట్లయితే చెల్లదు!" అని అరిచాడు. అంత నెమ్మదైన మనిషి మెడ నరాలు తేలాయి. "ఒక్క ఆడమనిషి చెప్తే చెల్లదు. నాకూ తెలుసు షరియత్. నేను నమ్మను. ఆ తల్లి నువ్వు కాదు. రేపు నికా జరుగుతాది."

"అంతే మామా" అన్నాడు నయీమ్. పొద్దున్నుంచీ మొదటిసారిగా వాడి గొంతులో ప్రాణం వినబడింది. "మా హజ్రత్ కూడా అదే అన్నాడంట. అమ్మా, చెప్పేది చెప్పేసినావు, నీ బరువు దిగిపాయ. ఇంక పోదాం పద."

నిజం చెప్పాలంటే అప్పుడు నేను సంతోషించాను. ఆమె మనసు నిలిచింది, పిల్లల పెళ్ళీ నిలిచింది. ఎవరూ ఏమీ పోగొట్టుకోనక్కర్లేదు. హజరా బీ కూడా గోడకు ఆనుకుంది, బయలుదేరి వస్తుందనే అనుకున్నాను.

"అబ్బాజాన్, నమ్మేది లేనిది నేను కదా చెప్పాల?"

నాజ్నీన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో. నల్లటి చున్నీ నుదుటి దాకా లాగి ఉంది. నయీమ్ వైపు చూడకుండా నేరుగా వచ్చి హజరా బీ ఎదురుగా నిలబడింది.

"ఎన్ని దినాలు ఇచ్చినావు?"

"రెండుసార్లు" అన్నాడు నయీమ్. "రెండుసార్లే అంట నాజ్నీన్. టీచరమ్మకు తెలుసు. అడుగు."

అందరూ నా వైపు చూశారు. ఆ పిల్ల తప్ప. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ముప్పై ఏళ్ళు ఎంత మంది పిల్లల చేత తప్పు లెక్క చెప్పారని గోడకుర్చీ వేయించానో, ఆ పాపం ఆ ఒక్క క్షణంలో కట్టి కుడిపింది.

"నేను అడిగింది ఈమెను" అంది నాజ్నీన్.

హజరా బీ కొడుకును చూసింది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, చిన్నపిల్లాడు మందు వద్దన్నట్టు. వాడి కోసం ఆ క్షణంలో ఆమె ప్రాణమైనా ఇచ్చేది. వాడు అడిగింది మాత్రం ఇవ్వలేకపోయింది.

"పదిహేడు దినాలు" అంది. "దినానికి మూడుసార్లు. ఎడమ పక్క పెడితే పట్టేదానివి కాదు, కుడి పక్కే కావాల. నీకు కుడి పక్క ఇస్తానని వీన్ని ఎడమ పక్కకు మార్చినా. వాడు ఏడ్చేవాడు. నువ్వు తాగేటప్పుడు నా మెళ్ళో నల్లపూసలు గుప్పిట్లో పట్టుకుంటాంటివి."

బయట షామియానా వాళ్ళు గుంజ పాతుతున్న దెబ్బలు వినబడుతున్నాయి. బడే సాబ్ చాప మీద కూలబడి, "లేదు, లేదు" అంటున్నాడు, కానీ ఆ అనడంలో కోపం లేదు. నాజ్నీన్ మారు మాట్లాడకుండా లోపలికి పోయింది.

"ఏడుస్తాందేమో, ఎవురన్నా పోండి" అన్నాడు నయీమ్. ఎవరూ పోలేదు.

కాసేపటికి ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చింది. నేను మొదట గుర్తుపట్టలేదు. తల మీద చున్నీ లేదు. పెళ్ళికూతురిని చేయడానికి పొద్దున తలంటి పోసినట్టున్నారు, తడి ఆరని జుట్టు వీపు నిండా వదిలేసి ఉంది. రెండేళ్ళుగా నయీమ్ ఆమె జుట్టులో ఒక్క వెంట్రుక చూసి ఎరగడు. పెళ్ళయ్యేదాకా చూపించనని ఫోన్లో ఆట పట్టించేదని వాడే ఒకసారి నాతో చెప్పి మురిసిపోయాడు. పాలు పంచుకున్న అన్న ముందు ఆడపిల్లకు పరదా అక్కర్లేదట, తోడబుట్టినవాడి ముందు ఎలా అక్కర్లేదో అలాగే. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ఆ గదిలో మిగిలిన అందరికీ అప్పుడే తెలుసు.

ఆమె వాడి ముందుకు పోయి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గ్లాసులో నీళ్ళు అంచుల దాకా ఊగుతున్నాయి.

"ఎండన పడి వచ్చినావు. నీళ్ళు తాగన్నా."

నయీమ్ ఒక్కసారి తలెత్తి ఆ జుట్టు చూశాడు. గోరింటాకు చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె గ్లాసు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, వాడు అందుకునే దాకా అలాగే నిలబడింది.